పాత ఫోన్ ఇచ్చేటప్పుడు చీటీ రాయించుకోండి

ప్రశ్న: ఇబ్రహీంపట్నంలో చాలా ఏళ్లు ఇంటర్నెట్, జిరాక్స్ సెంటర్ నడిపి ఈమధ్యే మూసేశాను. ఎనిమిది కంప్యూటర్లు మిగిలాయి. అందులో మూడింటికి పాత డబ్బా మానిటర్లే. రెండు ప్రింటర్లు, యూపీఎస్ బ్యాటరీలు, ఇంట్లోవాళ్లందరివీ కలిపి ఓ సంచెడు పాత సెల్‌ఫోన్లు కూడా ఉన్నాయి. కబాడీ అతను అన్నింటికీ కలిపి ఒక రేటు చెబుతున్నాడు. ఇలా అమ్మితే కేసవుతుందని మా బావమరిది భయపెడుతున్నాడు. పనిచేసే కంప్యూటర్లను మా ఊరి బడికి ఇవ్వాలని నాకు ఉంది. చట్టం ఏమంటుంది?
– ఒక పాఠకుడు, ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా

జవాబు: మీ బావమరిది భయం సగం నిజమే. అయితే ఆయన భయపడుతున్నది కంప్యూటర్ల గురించి. అసలు భయపడాల్సింది ఆ సంచిలోని ఫోన్ల గురించి.

ముందు కంప్యూటర్ల సంగతి చూద్దాం. మన దేశంలో ఎలక్ట్రానిక్ చెత్తకు సంబంధించి ఇప్పుడు అమల్లో ఉన్నవి 2022 నాటి ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం వాటిని 2022 నవంబర్ 2న ప్రకటించింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసింది. సెల్‌ఫోన్, ల్యాప్‌టాప్, ప్రింటర్, టీవీ, ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషిన్, ట్యూబులైటు, సోలార్ పలక, ఇలా 106 రకాల వస్తువులు వాటి పట్టికలో ఉన్నాయి. అంతకుముందు 2012 నుంచి ఒక సెట్టు, 2016 నుంచి మరో సెట్టు నియమాలు నడిచాయి. ఆ రెండింటిలోనూ వస్తువు వాడిన మామూలు మనిషికి కూడా ఒక బాధ్యత పెట్టారు. కొత్త నియమాల్లో ఆ భారం పెద్ద వాడకందార్లకే మిగిలింది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా సరే, పట్టికలోని వస్తువులు కనీసం వెయ్యి వాడిన సంస్థను ‘బల్క్ కన్జ్యూమర్’ అంటారు. ఎనిమిది కంప్యూటర్ల మీ సెంటర్ ఆ లెక్కలోకి రాదు. కాబట్టి పాత కంప్యూటర్ కబాడీకి అమ్మినందుకు ఈ నియమాల కింద మీ మీద కేసు పెట్టరు.

కొన్న మనిషి ఏం చేస్తాడన్నది వేరే సంగతి. సామాను పోగుచేసి మరొకరికి అమ్ముకుంటే ఫరవాలేదు. కానీ దాన్ని విప్పి, పగలగొట్టి, బోర్డులను యాసిడ్‌లో ముంచి, వైర్లు కాల్చి రాగి తీసే పని చేయకూడదు. ఎలక్ట్రానిక్ చెత్తను రీసైకిల్ చేయాలంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. రిజిస్ట్రేషన్ లేకుండా చేస్తే పర్యావరణ పరిహారం కట్టాలి, దాని పైన జరిమానా. పర్యావరణ చట్టంలోని 15వ సెక్షన్ కింద ఒకప్పుడు ఐదేళ్ల వరకు జైలు ఉండేది. జన్ విశ్వాస్ చట్టం తెచ్చిన సవరణతో 2024 ఏప్రిల్ 1 నుంచి జైలు తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టారు. డబ్బున్న కంపెనీకి ఇది తేలిక, తోపుడుబండి మనిషికి బతుకే పోతుంది. ఆ సవరణ మీద నాకున్న అసంతృప్తి అదే.

మీ డబ్బా మానిటర్లనైతే కబాడీకి ఇవ్వొద్దనే నా సలహా. చట్టం మిమ్మల్ని ఆపకపోయినా ఇవ్వొద్దు. ఆ గాజులో సీసం ఉంటుంది. అందులో డబ్బులొచ్చేది వెనక చుట్టిన రాగి తీగ ఒక్కటే. దాన్ని లాక్కున్నాక గాజు ఏ చెరువు గట్టునో తేలుతుంది. మీ పెద్దచెరువు కుతుబ్ షాహీల కాలం నాటిది. దాని శిఖంలో ఇప్పటికే పోస్తున్నది చాలు.

మరి ఎవరికి ఇవ్వాలి? తయారుచేసి అమ్మిన కంపెనీదే బాధ్యత అని నియమాలు చెబుతున్నాయి. కొన్నేళ్ల కిందట మార్కెట్లోకి వదిలిన సరుకు బరువును లెక్కగట్టి, అందులో ఇంత శాతం రీసైకిల్ చేయించాలని ప్రతి కంపెనీకి లక్ష్యం పెట్టారు. 2023–24, 2024–25 సంవత్సరాలకు 60 శాతం, ఆ తర్వాతి రెండేళ్లకు 70 శాతం, 2027–28 నుంచి 80 శాతం. వినడానికి బాగుంది. కానీ ఆచరణలో కంపెనీ చేయాల్సిందల్లా రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర అంత బరువుకు సర్టిఫికెట్లు కొనుక్కోవడమే. ఇబ్రహీంపట్నంలో మీ ఇంటి ముందుకు బండి పంపాలని ఆ నియమాల్లో ఎక్కడా గట్టిగా రాయలేదు. ఆ సర్టిఫికెట్ల ధర మీద కూడా పేచీ వచ్చింది. రీసైక్లర్‌కు కిలోకు కనీసం 22 రూపాయలు ఇవ్వాలని కేంద్రం పెట్టిన నిబంధనను సవాలు చేస్తూ ఎల్జీ, శాంసంగ్ లాంటి కంపెనీలు 2025లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. కబాడీ కాంటా మీద కంప్యూటర్‌కు పలికే ధర, చట్టబద్ధమైన రీసైక్లర్‌కు గిట్టుబాటయ్యే ధర ఒకటి కావడం లేదు. సరుకంతా తోపుడుబండి మీదికే ఎందుకు పోతోందో దీన్నిబట్టి తెలుస్తుంది. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైతే, అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క దొరికింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది.

అయినా దారి లేకపోలేదు. మీ ప్రింటర్ కంపెనీ, మానిటర్ కంపెనీ వెబ్‌సైట్లలో పాత సామాను వెనక్కి తీసుకునే పేజీ ఉందేమో చూడండి, టోల్‌ఫ్రీ నంబరు ఉంటే ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. లేదా కేంద్ర మండలి ఈ-వేస్ట్ పోర్టల్‌లో తెలంగాణ రీసైక్లర్ల జాబితా తీసి నేరుగా మాట్లాడండి. ఒక్క ఫోన్ కోసం ఎవరూ రారు. ఎనిమిది కంప్యూటర్లంటే బరువుంటుంది, హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు మీద అరగంట, గంట ప్రయాణమే కనుక వచ్చే అవకాశం ఉంది. మీ వీధిలో మరో నలుగురు కలిస్తే ఇంకా మేలు.

మున్సిపాలిటీకి కూడా ఇందులో పని ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఇళ్ల చెత్తలో ఎలక్ట్రానిక్ సామాను కలిసి కనిపిస్తే దాన్ని వేరుచేసి రిజిస్టరైన రీసైక్లర్‌కు గానీ, బాగుచేసి అమ్మే రీఫర్బిషర్‌కు గానీ చేర్చాల్సింది పట్టణ స్థానిక సంస్థే. ఏ కంపెనీదో తెలియని, కంపెనీయే మూతపడిన అనాథ సరుకు బాధ్యతా దానిదే. సేకరణ ఏర్పాటుకు తోడ్పడాలని కూడా నియమాల్లో రాశారు. ఇబ్రహీంపట్నం ఇప్పుడు మున్సిపాలిటీయే. ‘మా మున్సిపాలిటీలో ఈ-వ్యర్థాలను ఎక్కడ తీసుకుంటున్నారు, గత ఏడాది ఎన్ని కిలోలు ఏ రీసైక్లర్‌కు పంపారు’ అని పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. జవాబు ‘లేదు’ అని వచ్చినా మంచిదే, ఆ కాగితంతో కొంగరకలాన్ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి వెళ్లొచ్చు. కొత్త ఎలక్ట్రానిక్ సరుకు తయారుచేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ అదే కొంగరకలాన్‌లో ఉంది. పాతవి వెనక్కి తీసుకోవడానికి ఒక గది ఏర్పాటు చేయమని అడగడం అత్యాశ కాదు.

ఇక ఫోన్ల సంచి.

2024 ఆగస్టు మొదట్లో రామగుండం సైబర్ క్రైమ్ పోలీసులు గోదావరిఖనిలో బిహార్‌కు చెందిన ముగ్గురిని పట్టుకున్నారు. వాళ్ల దగ్గర గోనె సంచుల్లో దాదాపు నాలుగు వేల పాత సెల్‌ఫోన్లు దొరికాయి. ఊరూరా తిరిగి పాడైపోయిన ఫోన్లు కొంటూ, కొన్నిచోట్ల డబ్బుకు బదులు ప్లాస్టిక్ సామాన్లు ఇస్తూ పోగుచేశారని, వాటిని బాగుచేయించి జామ్‌తారా, దేవ్‌ఘర్ వైపు సైబర్ మోసగాళ్లకు చేరవేసే గొలుసులో వీళ్లు భాగమని పోలీసులు చెప్పారు. ఇది పోలీసులు మోపిన ఆరోపణ. నేరం రుజువైందా లేదా అన్నది కోర్టు తేల్చాలి. కానీ పద్ధతి మాత్రం మనందరికీ తెలిసినదే. మన గల్లీల్లోనూ ‘పాత ఫోన్లు, చెడిపోయిన ఫోన్లు కొంటాం’ అని మైకులో వినిపిస్తూ బండి వస్తుంది. టబ్బు చూపిస్తే ఇంట్లో సొరుగులన్నీ తెరుచుకుంటాయి.

తెర పగిలిన ఫోన్‌తో మోసగాడికి ఏం పని అంటారా? దాని బోర్డు పనిచేస్తే చాలు. ప్రతి ఫోన్‌కూ పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది. మోసం జరిగాక పోలీసులు ఆ నంబరు పట్టుకుని వెనక్కి వస్తే బిల్లు ఎవరి పేరున ఉందో, అందులో ముందు ఎవరి సిమ్ నడిచిందో బయటపడుతుంది. అంటే మొదట వాళ్లు తట్టేది మీ తలుపే. భయపడకండి, మోసం సంగతి మీకు తెలియకపోతే మీరు నేరస్థులు కారు. కానీ ‘ఫలానా తేదీన ఇచ్చేశాను’ అని చెప్పడానికి నోటి మాట తప్ప ఏమీ లేకపోతే స్టేషన్ చుట్టూ ఎన్నిసార్లు తిరగాల్సి వస్తుందో చెప్పలేను.

అందుకే చీటీ. స్టాంప్ పేపర్ అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు. తెల్ల కాగితం మీద ఇలా రాస్తే సరిపోతుంది: ‘ఇబ్రహీంపట్నం నివాసి ఫలానా వారి నుంచి ఫలానా కంపెనీ, ఫలానా మోడల్, ఫలానా ఐఎంఈఐ నంబర్లు గల సెల్‌ఫోన్‌ను, సిమ్, మెమరీ కార్డు లేకుండా, ఈ తేదీన ఇంత మొత్తానికి తీసుకున్నాను.’ కింద తీసుకున్నవారి పేరు, ఊరు, ఫోన్ నంబరు, సంతకం. రెండు సిమ్‌ల ఫోన్‌కు ఐఎంఈఐలు రెండుంటాయి, రెండూ రాయాలి. ఫోన్ ఆన్ అవుతుంటే *#06# నొక్కితే కనిపిస్తాయి. ఆన్ కాకపోతే అట్టపెట్టె మీద, లేదా పాత ఫోన్లలో బ్యాటరీ కింద అంటించిన కాగితం మీద చూడండి. చీటీకి ఒక ఫొటో తీసి పెట్టుకోండి. సంతకం పెట్టనంటూ బండి తోసుకుపోయే మనిషికి ఫోన్ ఇవ్వకపోవడమే మంచిది. షోరూమ్‌లో పాత ఫోన్ ఇచ్చి కొత్తది తీసుకున్నప్పుడు బిల్లులో పాత ఫోన్ ఐఎంఈఐ రాశారో లేదో అక్కడే చూసుకోండి. రాయకపోతే రాయించండి.

సిమ్ తీయకుండా ఫోన్ ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఉన్నారు. ఆ నంబరే మీ బ్యాంకుకూ ఆధార్‌కూ తాళంచెవి. యూపీఐ యాప్‌లలో ఖాతా తీసేయడం, వాట్సాప్ నుంచి బయటికి రావడం, గూగుల్ ఖాతా తొలగించడం, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. వరుస ముఖ్యం. గూగుల్ ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే తీసుకున్నవారికి ఆ ఫోన్ తెరుచుకోకపోవచ్చు, మీ దానం వాళ్ల చేతిలో ఇటుకవుతుంది. కంప్యూటర్ల విషయంలో ఫార్మాట్ చేశాం కదా అనుకోవద్దు. మామూలు ఫార్మాట్‌తో ఫైళ్లు పోవు, వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. మీది ఇంటర్నెట్ సెంటర్ కాబట్టి మరీ జాగ్రత్త. ఎంతమంది ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు, పాస్‌పోర్టు ఫొటోలు ఆ హార్డ్‌డిస్కుల్లో స్కాన్ అయి ఉంటాయో మీకే తెలుసు. అవి మీవి కావు, మీ దగ్గరికి వచ్చినవాళ్లవి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పని తీరిపోయిన సమాచారాన్ని చెరిపేయాల్సింది దాన్ని సేకరించినవారే. ఆ చట్టం నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, పూర్తి అమలుకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. గడువు ఉంది కదా అని ఆగకండి. హార్డ్‌డిస్కు విప్పదీసి డ్రిల్లుతో రంధ్రాలు కొట్టించండి. మళ్లీ వాడాలనుకుంటే మొత్తం డిస్కు మీద తిరగరాసే సాఫ్ట్‌వేర్‌తో తుడిపించండి.

ఇంత చేసినా మీ ఫొటోలు, సమాచారం ఎవరైనా బయటికి తీస్తే? అనుమతి లేకుండా మీ ఫోన్, కంప్యూటర్‌లోని సమాచారం తీసుకోవడం సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల కింద నేరం, మూడేళ్ల వరకు జైలు. మీ పేరుతో, మీ పాస్‌వర్డ్‌తో మోసం చేస్తే 66సి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఐఎంఈఐని మార్చేవారికి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పెట్టింది. రిపేరుకిచ్చిన ఫోన్‌లోంచి షాపతను సమాచారం కాజేస్తే వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. ఎందుకంటే మీరు డబ్బిచ్చి సేవ కొన్నారు. ఎక్స్ఛేంజ్‌లో మోసపోయినా అంతే. ఊరికే దానం చేసిన ఫోన్ విషయంలో ఆ దారి లేదు. ప్రతిఫలం లేని చోట ‘వినియోగదారుడు’ ఉండడు. కమిషన్‌లో 5 లక్షల లోపు చెల్లించిన వ్యవహారాలకు ఫీజు లేదు, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, మీరు నివాసం ఉన్న జిల్లాలోనే వేసుకోవచ్చు. అడగడానికి 1915 నంబరు ఉంది.

సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లకు కూడా ఒక మాట. కెవైఎం అని ఇంగ్లిష్‌లో టైపు చేసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు రాసి 14422కు మెసేజ్ పెడితే ఆ ఫోన్ బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. దొంగ సొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు.

మీరు బడికి ఇస్తానన్న సంగతికి వద్దాం. నియమాల్లో నాకు నచ్చిన ఒక నిర్వచనం ఉంది. వస్తువు ఆయుష్షు తీరడమంటే, వాడుతున్న మనిషి దాన్ని పారేయాలని అనుకున్న సమయం. అంటే అది చెత్తా, కాదా అని నిర్ణయించేది మీ ఉద్దేశమే. మంచి కంప్యూటర్‌ను పిల్లలకిస్తే అది చెత్త కాదు, దానం. చాలామంది చేసేది మాత్రం తిరగబడిన పని. పనిచేయనివి బడికి పంపి, ఫొటో దిగి, శాలువా కప్పించుకుంటారు. రెండేళ్లకు వాటిని వదిలించుకునే తలనొప్పి హెడ్‌మాస్టరుది. ప్రభుత్వ బడి స్టాక్ రిజిస్టర్‌లో ఒకసారి ఎక్కిన వస్తువును ఆయన కబాడీకి వేయలేడు. పనికిరాదని తేల్చే పద్ధతి పూర్తయి, పై అధికారుల ఉత్తర్వు వచ్చేదాకా అది ఓ మూల గదిని ఆక్రమించి ఉంటుంది. కాబట్టి మీ ఎనిమిదిలో బాగా నడిచేవాటినే ఇవ్వండి. కీబోర్డు, మౌసు, వైర్లతో సహా ఇవ్వండి. పాత యంత్రాలు కొత్త విండోస్‌ను మోయలేవు. లినక్స్ వేస్తే హాయిగా నడుస్తాయి, లైసెన్సు బాధా లేదు. గచ్చిబౌలిలోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది.

చట్టం దృష్టిలో చరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం వస్తువును అప్పగిస్తే చాలు. కానీ హెడ్‌మాస్టర్ సంతకం, సీలుతో, సీరియల్ నంబర్లతో ఒక స్వీకార పత్రం తీసుకోండి. ఫోన్‌కు చీటీ ఎందుకో దీనికీ అందుకే. ఆదాయపు పన్నులో విరాళాల మినహాయింపు వస్తుందని ఆశపడొద్దు. అది డబ్బు రూపంలో ఇచ్చే విరాళాలకే, వస్తువులకు రాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఊరి బడికి పాత ల్యాప్‌టాప్‌లు పెట్టెల్లో పంపుతామంటుంటారు. ప్రయాణికుడు వెంట తెచ్చుకునే ఒక ల్యాప్‌టాప్‌కు సుంకం లేదు. అంతకుమించి వాడేసిన కంప్యూటర్ల దిగుమతి మీద గట్టి ఆంక్షలున్నాయి, అనుమతులు లేని సరుకు కస్టమ్స్ గోదాములో చిక్కుకుంటుంది. ఆ రవాణాకయ్యే డబ్బే పంపితే ఇక్కడే కొనవచ్చు.

మీ ఊరి చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల వారికి మాత్రం మీకున్న వెసులుబాటు లేదు. మంగళపల్లి, శేరిగూడ, ఖానాపూర్ వైపు పెద్ద క్యాంపసుల్లో ల్యాబ్ కంప్యూటర్లు, ప్రింటర్లు, ఏసీలు, ట్యూబులైట్లు కలిపితే వెయ్యి దాటడం కష్టం కాదు. దాటితే వాళ్ల పాత సామాను రిజిస్టరైన ఉత్పత్తిదారుకో, రీఫర్బిషర్‌కో, రీసైక్లర్‌కో తప్ప మరొకరికి ఇవ్వకూడదు. ఎక్కువ రేటు చెప్పాడని తుక్కు వ్యాపారికి లారీ నింపి పంపితే అది ఉల్లంఘనే. ఆ కాలేజీల్లో చదివే పిల్లలు, పనిచేసే ల్యాబ్ సిబ్బంది ఈ సంగతి యాజమాన్యాన్ని అడగొచ్చు. జవాబు రాకపోతే తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి రాయొచ్చు.

మీ ఇంటి దగ్గర ఎవరైనా వైర్లు కాల్చి పొగ పెడుతుంటే ఇబ్రహీంపట్నం ఆర్డీవోకు అర్జీ ఇవ్వండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద పబ్లిక్ న్యూసెన్స్‌ను ఆపమని ఉత్తర్వులిచ్చే అధికారం ఆర్డీవోకు, అంటే సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కు ఉంది. తేదీతో ఫొటోలు జతచేయండి. అక్కడా కదలకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచి చెన్నైలో ఉంది, వ్యవహారం తలెత్తిన ఆరు నెలల్లోగా వెళ్లాలి. లాయరు ఖర్చు పెట్టుకోలేనివాళ్లు ఇబ్రహీంపట్నం కోర్టులోని మండల న్యాయ సేవా కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

మీ సామాన్లలో తొందరపడాల్సినవి యూపీఎస్ బ్యాటరీలు. వాటికి 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు వేరే ఉన్నాయి. వాటిలో మాత్రం ఇంటి వాడకందారుకూ బాధ్యత పెట్టారు: బ్యాటరీని మామూలు చెత్తలో కలపకూడదు, సేకరించే లేదా రీసైకిల్ చేసే సంస్థకే ఇవ్వాలి. కొత్త బ్యాటరీ కొన్న షాపులో పాతది ఇస్తే ధరలో తగ్గిస్తారు. ఉబ్బిన సెల్‌ఫోన్ బ్యాటరీ ఏదైనా ఆ సంచిలో ఉంటే ఈ రోజే విడిగా తీసి, పొడిగా ఉన్న చోట, పిల్లలకు అందకుండా పెట్టండి. దాన్ని పొడవొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, చెత్త బండిలో వేయొద్దు.